బదులు నిలబడ్డ మనిషి

వాండా ప్రూయిట్‌ను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె ఆగస్టు ఎండలో, బొచ్చుకోటు వేసుకుని, ఉప్పు పోసి చేసిన మంచు మీద నిలబడి ఉంది. అది 1978. లాస్ ఏంజెలెస్‌లో కొండలకు ఉత్తరాన, మేము వ్యాలీ అని పిలుచుకునే వైపు, ఒక స్టూడియో వెనక ఖాళీ స్థలంలో అలాస్కా సెట్టు వేశారు. చిన్న విమానం నడుపుతూ, మంచులో చిక్కుకున్న ఊళ్లకు ఉత్తరాలూ మందులూ చేరవేసే అమ్మాయి కథ. వారం వారం టీవీలో వచ్చేది. ఆ అమ్మాయి వేషం డయాన్ వెస్లర్‌ది. నా పేరు ఇర్మా సాల్సిడో. ఆ సెట్టులో డయాన్ జుట్టు నా చేతుల్లో ఉండేది.

వాండా పని నిలబడడం. కెమెరా ఎక్కడ పెట్టాలో, లైట్లు ఎటు తిప్పాలో తేలేసరికి గంటలు పడుతుంది. అంతసేపూ హీరోయిన్‌ను ఎండలో నిలబెట్టరు. ఆమె ఎత్తు, ఆమె జుట్టు రంగు, ఆమె దవడ ఎముక ఉన్న ఇంకో మనిషిని నిలబెడతారు. ఫైట్లు చేసే డూపు వేరు. డూపుకు కనీసం వీపైనా తెర మీద కనిపిస్తుంది. వాండా మాత్రం అంతా సిద్ధమయ్యాక పక్కకు తప్పుకునేది. అప్పుడు డయాన్ చల్లటి గదిలోంచి వచ్చి అదే చోట నిలబడేది.

ఆ రోజు నేను తడిగుడ్డ తీసుకెళ్లి ఆమె మెడ మీద వేశాను.

"కోటు విప్పేయొచ్చుగా? లైట్లకేం తెలుస్తుంది?" అన్నాను.

"బొచ్చు మీద వెలుగు వేరేగా పడుద్దంట. పడనీ," అంది వాండా, కదలకుండానే. "మాది ఆయిల్‌డేల్. మా ఊళ్లో ఎండకి బల్లులు కూడా చెప్పులడుగుతాయి. ఇదేం లెక్క?"

ఆయిల్‌డేల్ అంటే బేకర్స్‌ఫీల్డ్ అవతల, చమురు బావుల పక్కనున్న ఊరు. వాళ్ల తాతలు ఓక్లహోమాలో దుమ్ము తుపాన్లకు పొలం పోగొట్టుకుని, పాత కారులో పరుపులు కట్టుకుని వచ్చినవాళ్లు. వాండా ఇరవై రెండేళ్లకు టైపు ఉద్యోగం కోసం లాస్ ఏంజెలెస్ వచ్చింది. స్టూడియో ఆఫీసులో టైపు చేస్తుంటే ఎవరో చూసి, "అచ్చం డయాన్ ఎముకలే" అన్నారు. ముఖం కాదు, ఎముకలు. ఆ ఎముకల మీద దేవుడు డయాన్‌కు ఒకలా, వాండాకు ఇంకోలా మాంసం సర్దాడు. డయాన్‌ను చూసినవాళ్లు మాట మధ్యలో ఆపేసేవారు. వాండాను చూసినవాళ్లు దారి అడిగేవారు.

డయాన్ పెన్సిల్వేనియాలో బొగ్గుగనుల ఊరి పిల్ల. పద్దెనిమిదేళ్లకే షాంపూ ప్రకటనల్లో మోడల్ అయింది. ఎర్ర స్వెట్టరు వేసుకుని విమానం రెక్కకు ఆనుకుని నిలబడ్డ ఆమె పోస్టరు, ఆ రోజుల్లో ఎదిగే మగపిల్లాడున్న ఇంట్లో ఏదో ఒక గోడ మీద ఉండాల్సిందే. ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి. ఫోటోల మీద సంతకం పెట్టి తిరిగి పంపాలి. మణికట్టు నొప్పని డయాన్ ఆ పని వాండాకు అప్పజెప్పింది. మూడో ఏటికి డయాన్ సంతకం డయాన్ కంటే వాండాయే బాగా పెట్టేది.

డయాన్ చెడ్డదని నేననను. వాండా తల్లి పోయినప్పుడు తన కారు తాళాలు చేతిలో పెట్టి, "పది రోజులుండి రా, నా బదులు నేనే నిలబడతాను" అంది. నిలబడింది కూడా. రెండో రోజు కళ్లు తిరిగి పడింది, అది వేరే సంగతి. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గదిలో కూర్చునేవారు. డయాన్‌కు తిండి లేదు, ఆకులూ నిమ్మరసమే. వాండా మాంసం పెట్టిన రొట్టె తింటుంటే చూస్తూ ఉండేది.

"ఎలా ఉంది? చెప్పు," అనేది.

"ఆవాలు ఎక్కువయ్యాయి. ఉల్లిపాయ కరకరలాడుతోంది. కింద జున్ను కరిగి రొట్టెకి అంటుకుంది," అని వాండా నములుతూ వివరంగా చెప్పేది. డయాన్ కళ్లు మూసుకుని వినేది.

1983లో సీరియల్ ఆగిపోయింది. డయాన్‌కు ముప్పై మూడేళ్లు. రెండేళ్లు ఎవరో ఒకరు పిలిచారు, తర్వాత హీరోయిన్ అక్క వేషాలకు పిలిచారు, తర్వాత పిలవలేదు. ఒక క్రీముల కంపెనీ ఆమె ముఖాన్ని డబ్బాల మీద వేసుకుని, ముప్పై ఆరో ఏట తీసేసింది. ముప్పై తొమ్మిదో ఏట డయాన్ ముఖానికి ఆపరేషన్ చేయించుకుంది. ఏ డాక్టరో ఇప్పుడు చెప్పి లాభం లేదు, అతనూ పోయాడు. కుడివైపు నరం చచ్చిపోయింది. ఆ కన్ను పూర్తిగా మూతపడదు, పెదవి కొస కిందికి జారిపోయింది. కాఫీ తాగితే గడ్డం మీద కారేది. మొగుడు హోటళ్లు నడిపేవాడు. గొడవేం పెట్టుకోలేదు. రోజూ ఇంకాస్త ఆలస్యంగా వస్తూ, ఒక రోజు రావడం మానేశాడు. డయాన్ కూడా పగటిపూట గుమ్మం దాటడం మానేసింది.

వాండా ఇంకో రెండు సీరియళ్లలో ఇంకెవరి బదులో నిలబడింది. నడుము లావెక్కాక ఆ పని పోయింది. వాన్ నైస్‌లో ఒక బడి వంటశాలలో చేరింది. నార్త్ హాలీవుడ్‌లో మా ఇంటి ఎదురు వాటా ఖాళీ అయితే నేనే చెప్పి ఇప్పించాను. మధ్యలో చిన్న గడ్డివాకిలి, చుట్టూ ఎనిమిది వాటాలు, మూలన ఒక నిమ్మచెట్టు.

1994 జనవరిలో భూకంపం వచ్చింది. కొండ మీద డయాన్ అద్దెకుంటున్న ఇంటి పొగగొట్టం కూలి కప్పులోంచి దిగబడింది. ఆ ఇంట్లో ఉండకూడదని అధికారులు ఎర్ర కాగితం అంటించారు. మర్నాడు డయాన్ తలకు రుమాలు చుట్టుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, రెండు సూట్‌కేసులతో వాండా గుమ్మంలో దిగింది.

"ఒక్క వారం, వాండా," అంది.

వారం కాస్తా ఇరవై ఒక్క ఏళ్లయింది.

వెనక పడకగది డయాన్‌ది. కిటికీ తెరలు ఎప్పుడూ దించే ఉండేవి. తెల్లారకముందే వాండా బడికి వెళ్లేది, మధ్యాహ్నం మూడుకు వచ్చేది. వస్తూ సరుకులు, మందులు, డయాన్ కంటిలో వేసే చుక్కలు తెచ్చేది. "మహారాణిగారు లేచారా? ఈ పూట కొలువులో ఏం వండమంటారు?" అని గుమ్మంలోంచే అరిచేది. డయాన్ లోపల్నుంచి, "నీ గొంతు కంటే భూకంపమే నయం," అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. గోడలు పల్చన, మాకు అన్నీ వినబడేవి.

ఒకసారి నిమ్మకాయలు కోస్తూ అడిగాను: "ఎన్నాళ్లే ఇలా?"

"ఎక్కడికి పోద్ది చెప్పు? పిల్లి వచ్చి గుమ్మంలో కూచుంటే తరిమేస్తామా? ఇది పిల్లి కంటే తక్కువే తింటది."

"నీకంటూ ఏమీ వద్దా?"

"నాకు గురువారం మీటింగుందిలే," అంది. ప్రతి గురువారం ఆమె ఆలస్యంగా వచ్చేది. బడి ఉద్యోగుల మీటింగ్ అనేది. ఏ బడిలో వారం వారం వంటవాళ్లకు మీటింగులు పెడతారని నేను ఆలోచించలేదు. డయానూ ఆలోచించలేదు.

2014 వేసవిలో ఆ ఫోటో వచ్చింది. ఒక వెబ్‌సైటు వాడు, ఒకప్పుడు వెలిగిపోయిన నటీమణులు, మోడళ్లు ఇప్పుడెలా ఉన్నారో చూస్తే నమ్మలేరంటూ ఇరవై మందిని వరసగా పెట్టాడు. ఎడమవైపు అప్పటి బొమ్మ, కుడివైపు ఇప్పటి బొమ్మ. ఏడో నంబరు డయాన్ వెస్లర్. ఎడమవైపు ఎర్ర స్వెట్టరు. కుడివైపు మా వాకిట్లో చెత్తసంచి పట్టుకుని, పువ్వుల గౌనులో, పక్కింటి కుక్కను తిట్టడానికి నోరు తెరిచిన వాండా. చిరునామా పట్టుకుని వచ్చిన ఎవడో కారులోంచి తీసినట్టున్నాడు. ఎముకలు ఒకటే కదా, అనుమానించలేదు.

వాండాతో పనిచేసే ఒఫీలియా ఫోన్‌లో అది చూపించిందట. సాయంత్రం వాండా నవ్వుతూ మా ఇంటికొచ్చింది.

"ఇర్మా, నేను స్టార్‌నయిపోయానే! ముప్పై అయిదేళ్లు లేటు, అంతే. కింద జనం ఏం రాశారో చదివి పెట్టు, నా కళ్లద్దాలు లేవు."

చదివాను. "తిండి చూస్తే ఆగలేదు కాబోలు, అని ఒకడు. నా చిన్నప్పుడు ఈమె బొమ్మ నా గోడ మీద ఉండేది, ఇప్పుడు చూసి కడుపులో తిప్పింది, అని ఇంకొకడు. డబ్బులిచ్చినా, అని ఇంకొకడు..."

వాండా మొదటి మూడింటికీ పగలబడి నవ్వింది. నాలుగోదానికి నవ్వలేదు. అయిదోది సగంలో ఉండగా, "చాల్లే, మూసెయ్," అంది. చెంగున లేచి వెళ్లే మనిషి, ఆ రోజు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

డయాన్‌కు తెలియకుండా ఉంచుదామనుకున్నాం. తెలియకుండా ఎలా ఉంటుంది? రోజంతా ఆమెకు కంప్యూటరు తెర ఒక్కటే కిటికీ. ఆదివారం నేను మొక్కజొన్న పిండితో చేసిన తమాలెలు పట్టుకెళ్లేసరికి డయాన్ వంటగదిలో నిలబడి ఉంది.

"నేనిలా అయిపోయానని లోకం అనుకోవాలా? ఇలా?"

"ఇలా అంటే?" అంది వాండా. గిన్నె తోముతోంది.

"నీకు తెలుసు నేనేమంటున్నానో. ఆ పొట్ట, ఆ చేతులు, ఆ దిక్కుమాలిన గౌను..."

"గౌను నువ్విచ్చిందే. నా పుట్టినరోజుకి."

"నవ్వులాట కాదు వాండా! ఫోన్ చెయ్. అది నేను కాదని చెప్పు. ఇప్పుడే చెయ్."

వాండా చేతులు తుడుచుకుంది. నన్ను నంబరు వెతకమంది. అవతల ఒక పిల్ల మాట్లాడింది, మర్యాదగానే. ఆ ఫోటో డయాన్‌ది కాదని తేలితే తీసేస్తామంది, తేల్చడానికి డయాన్ ఇప్పటి ఫోటో ఒకటి పంపాలంది, అదే పెడతామంది. వాండా ఫోన్‌కు అరచెయ్యి అడ్డుపెట్టి, ఆ మాటే చెప్పి, డయాన్ వైపు చూసింది. డయాన్ తన కుడి చెంప గోడ వైపు తిప్పుకుంది.

"వద్దని చెప్పు," అంది.

"సరేనమ్మా, ఉండనీయండి," అని వాండా ఫోన్ పెట్టేసి మళ్లీ గిన్నె అందుకుంది. అది అప్పటికే తోమిన గిన్నె.

ఆ ఫోటో అలాగే ఉండిపోయింది. బజారులో ఒకరిద్దరు వాండాను చూసి గుసగుసలాడారు. ఒకామె జాలిగా భుజం తట్టింది. వాండా ఎవరినీ సరిదిద్దలేదు. పువ్వుల గౌను మాత్రం మళ్లీ వేసుకోలేదు.

అక్టోబరులో ఒక శనివారం ఉదయం నేను మెట్ల మీద చిక్కుళ్లు ఒలుస్తున్నాను. ఏభై ఏళ్ల మనిషి, చేతిలో చుట్టిన పోస్టరుతో వాకిట్లోకి వచ్చాడు. పేరు గ్యారీ స్ట్రోబెల్. ఒహాయోలో ఇళ్లకు హీటర్లు బాగుచేస్తాడట. వాండా తలుపు తీసింది.

"మిస్ వెస్లర్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదు..." అని ఆగిపోయాడు.

వాండా పక్కకు వంగి డయాన్ గది కిటికీ వైపు చూసింది. తెర అంచు కదిలింది. రెండు వేళ్లు బయటికొచ్చి, వద్దన్నట్టు ఊగాయి.

"నేనే. ఏం కావాలి బాబూ?" అంది వాండా.

"మా అమ్మకి జబ్బు చేసిన సంవత్సరం నాకు పధ్నాలుగు. ప్రతి బుధవారం ఆవిడ మంచం మీదే కూర్చుని మీ కథ చూసేవాళ్లం. నొప్పులున్నా అది అయ్యేదాకా మందు వేసుకునేది కాదు, నిద్ర వచ్చేస్తుందని. ఆ ఏడాది చివరి భాగం వచ్చేనాటికి ఆవిడ లేదు." అతను పోస్టరు విప్పబోయి మళ్లీ చుట్టాడు. "ఆ ఫోటో కింద జనం రాసినవి చూస్తే ఒళ్లు మండింది. అందుకే వచ్చాను. మీరు అందంగానే ఉన్నారు. ఈ మాట మీకు ఎదురుగా ఎవరైనా చెప్పాలనిపించింది."

వాండా మెడ దాకా ఎర్రబడింది. ఆమెను ముప్పై ఆరేళ్లుగా ఎరుగుదును, ఎర్రబడడం అదే మొదటిసారి చూశాను. పోస్టరు మీద వాండాయే డయాన్ సంతకం పెట్టింది, తడుముకోకుండా. కాఫీ ఇచ్చింది. అతను ఇంకో పావుగంట కూర్చుని వెళ్లిపోయాడు.

మేం లోపలికి వెళ్లేసరికి డయాన్ మంచం అంచున కూర్చుని ఉంది.

"ఏమన్నాడు? సరిగా వినబడలేదు. అక్షరం పోకుండా చెప్పు."

వాండా చెప్పింది. తల్లి జబ్బు, బుధవారాలు, మందు వేసుకోకపోవడం, అన్నీ చెప్పింది. ఆ చివరి మాట ఒక్కటి చెప్పలేదు. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ మాట అతను ఆమె ముఖంలోకి చూసి అన్నది. డయాన్‌కు ఎందుకివ్వాలి?

తర్వాతి మార్చిలో, పిల్లలకు పొద్దుటి ఫలహారం వడ్డించాక, పెద్ద పొయ్యి ముందు వాండా కుప్పకూలిపోయింది. గుండె. ఆంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది. అరవై రెండేళ్లు.

మా వాకిట్లో కొత్తగా చేరినామె ఒకరు, మా చోట ఉండే పాత నటి పోయిందని ఇంటర్నెట్‌లో పెట్టింది. సాయంత్రానికి, డయాన్ వెస్లర్, అరవై అయిదేళ్లు, నిద్రలోనే కన్నుమూశారని నాలుగు చోట్ల వచ్చింది. నిద్రలో అని ఎవరు చేర్చారో తెలియదు. మర్నాటి నుంచి పువ్వులు వచ్చాయి. గడ్డివాకిట్లో ఎర్ర స్వెట్టరొకటి ఎవరో మడతపెట్టి వదిలి వెళ్లారు.

నేను వెళ్లేసరికి డయాన్ వాండా కుర్చీలో కూర్చుని తన చావువార్త చదువుతోంది.

"చాలా బాగా రాశారు," అంది. ఎడమ కన్ను పొడిగానే ఉంది. కుడి కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. తెర ఇంకాస్త కిందికి జరిపి, "వాండా గురించి ఎక్కడా లేదు," అంది.

ఆయిల్‌డేల్ నుంచి వాండా తమ్ముడి కూతురు టామీ లిన్ ఫోన్ చేసింది. నేను స్పీకరులో పెట్టాను.

"పాస్టరుగారు అడుగుతున్నారండీ, అత్తకి ఏ పాటంటే ఇష్టమని. మీరు ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు కదా..."

డయాన్ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"తెలీదమ్మా," అంది డయాన్.

"పోనీ ఏదన్నా, ఖాళీ ఉంటే ఏం చేసేది? నాలుగు మాటలు చెప్పుకోవడానికి."

"గుడ్ల మీద ఉప్పు ఎక్కువ వేసుకునేది," అంది డయాన్. అవతల ఆ పిల్ల, "థాంక్సండీ," అని ఫోన్ పెట్టేసింది.

అంత్యక్రియలకు తనూ వస్తానని డయాన్ అంటే నేను నమ్మలేదు. పగలు పదకొండింటికి. రుమాలు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని టాక్సీలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. వాన్ నైస్‌లో చిన్న ప్రార్థనా మందిరం. ముందు వరసల్లో బడి వంటవాళ్లు. వెనక, ఇంటర్నెట్‌లో చూసి వచ్చిన, మాకు తెలియని మొహాలు ఓ పదిహేను. ఇద్దరు ఎర్ర స్వెట్టర్లు వేసుకొచ్చారు, ఒకామె పోస్టరు పట్టుకొచ్చింది. వాళ్ల మధ్య గ్యారీ ఉన్నాడు.

శవపేటిక పక్కన పెట్టిన ఫోటో చూసి డయాన్ ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. నీలం చొక్కా మీద పేరు కుట్టుకుని, దొర్లించి కొయ్య సీసాలు పడగొట్టే ఆటలోని పెద్ద బౌలింగ్ బంతి చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో కప్పు ఎత్తి పట్టుకుని వాండా నవ్వుతోంది.

"డయాన్ బౌలింగ్ ఆడేదా?" అని వెనక ఎవరో అన్నారు.

పాస్టరు వాండా జూన్ ప్రూయిట్ అని మొదలుపెట్టాడు. వెనక గుసగుసలు లేచాయి. "వేరే హాలుకొచ్చామేమో," అంటూ ఒకామె సంచి సర్దుకుంది. అప్పుడు డయాన్ లేచింది. రుమాలు విప్పింది. కళ్లద్దాలు తీసింది.

"వేరే హాలు కాదు," అంది. పెదవి వల్ల మాట ముద్దగా వచ్చింది, మళ్లీ అంది. "వేరే హాలు కాదు. మీరు వెతుక్కుంటూ వచ్చింది నన్ను. నేను బతికే ఉన్నాను. చనిపోయింది వాండా. ఆ వెబ్‌సైటులో ఉన్నదీ వాండాయే. మీరు నన్ననుకుని తిట్టిందంతా ఆవిడనే తిట్టారు."

ఒకతను ఫోన్‌లో బొమ్మ చూసి, ఆమె ముఖం చూసి, మళ్లీ ఫోన్ చూశాడు. పోస్టరు తెచ్చినామె ఫోటో తీయబోతే గ్యారీ ఆమె చెయ్యి కిందికి నొక్కాడు. తర్వాత వాళ్లు ఒకరి వెనక ఒకరు, మునివేళ్ల మీద, తలుపు చప్పుడు కాకుండా వెళ్లిపోయారు. గ్యారీ ఉన్నాడు. చివరిదాకా తల వంచుకునే ఉన్నాడు.

"ఆ రోజు నాతో మాట్లాడింది..." అన్నాడు నాతో, తర్వాత.

"వాండా."

అతను టోపీ అంచు రెండుసార్లు తిప్పాడు. "నేనన్నది వెనక్కి తీసుకోనండీ," అన్నాడు.

ఒఫీలియా లేచి మాట్లాడింది. పధ్నాలుగేళ్లుగా ప్రతి గురువారం వాళ్లు బౌలింగ్‌కు వెళ్లేవారట. వాండా బంతి వదిలేముందు దాని చెవిలో ఏదో బూతు చెప్పేదట. గెలిస్తే పాడేదట, ఓడితే ఇంకా గట్టిగా పాడేదట. ముందు వరసలన్నీ నవ్వుతూ ఏడ్చాయి. మేమిద్దరం అపరిచితుల పెళ్లికి వచ్చినవాళ్లలా కూర్చున్నాం.

అంతా అయ్యాక, పొడుగ్గా, వంగిన వీపుతో ఒకాయన మా దగ్గరికొచ్చాడు. పేరు రాయ్ టిబెట్స్. బడి బస్సు నడిపేవాడట.

"ఇంట్లో ఉండే మనిషి మీరేనా?" అని డయాన్‌ను అడిగాడు.

"అవును."

"పన్నెండేళ్లు అడిగానండీ పెళ్లి చేసుకుందామని. ప్రతి క్రిస్మస్‌కి ముందు అడిగేవాణ్ణి. 'ఇంట్లో ఒక మనిషుంది రాయ్, దానికి నేను తప్ప దిక్కులేదు, పద బంతి వెయ్యి,' అనేది. మంచాన పడ్డవాళ్లెవరో అనుకున్నాను. లేవలేరు కాబోలు, పాపం, అనుకున్నాను." ఆయన డయాన్‌ను తల నుంచి బూట్ల దాకా చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "మీరు నడుస్తారు," అన్నాడు.

ఆయన తల ఆడించి, ఎండలోకి వెళ్లిపోయాడు. టాక్సీలో డయాన్ రుమాలు చుట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా దాని అంచు నలుపుతూనే ఉంది.

నేనూ డయాన్ కంటే మేలేం కాదు. ఎదురింట్లో ఉన్నాను, పాతికేళ్లు నిమ్మకాయలు పంచుకున్నాను. గురువారం ఏ మీటింగే అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఆ వాటా అద్దె కాగితం వాండా పేరు మీద ఉంది. డయాన్ అందులో ఉండలేకపోయింది. పాత సినిమావాళ్ల కోసం నడిపే ఆశ్రమంలో చోటు దొరికింది. నెలకోసారి వెళ్లి ఆమె జుట్టు నేనే కత్తిరిస్తాను, పల్చబడింది గానీ ఇంకా మెత్తగా ఉంటుంది. మొదట్లో గదిలోకే భోజనం తెప్పించుకునేది. ఇప్పుడు అందరితో కలిసి హాల్లో తింటుంది. గడ్డం తుడుచుకోవడానికి పక్కన గుడ్డ పెట్టుకుంటుంది. వెబ్‌సైట్లలో ఆమె ఇంకా చచ్చిపోయే ఉంది. దిద్దించమంటావా అని ఒకసారి అడిగాను.

"దిద్దితే మళ్లీ ఫోటో అడుగుతారు," అంది. తర్వాత, "ఆ గౌను ఫోటో మాత్రం తీయించు," అంది. రెండు ఉత్తరాలు రాశాను. తీయలేదు.

పోయిన వసంతంలో వాండా సమాధి చూడాలంది. నా కారులో కొండలు దాటి వెళ్లాం, రెండు గంటలపైన దారి. ఆయిల్‌డేల్‌లో శ్మశానం గేటు దగ్గర ఆపాను. చుట్టూ చమురు తోడే యంత్రాలు తలలూపుతున్నాయి. డయాన్ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది, తీయలేదు.

"నువ్వు వెళ్లిరా," అంది.

వెళ్లాను. ప్రార్థన అయ్యాక సొంతూరు తీసుకెళ్లి, తల్లి పక్కనే పెట్టారు. గడ్డి బాగానే చూసుకుంటున్నారు. తెచ్చిన పువ్వులు పెట్టి, కాసేపు నిలబడి వచ్చాను. కారు తిప్పి పెద్దరోడ్డెక్కాక డయాన్ అడిగింది.

"రాయి మీద ఏం రాశారు?"

"పేరు. తేదీలు."

"అంతేనా?"

"అంతే."

కొండలెక్కడం మొదలయ్యాక తిరిగి చూశాను. కుడి కన్ను తెరిచి, ఎడమ కన్ను మూసుకుని కూర్చుని ఉంది. నిద్రపోయిందో లేదో తెలియలేదు. నేను అడగలేదు.